లైటు వెయ్యొద్దు

వర్మబాబు కార్డులో ఎక్కించి ఇచ్చేడండి,
పాతవి, దొరలవి, రంగుల్లేనివి.
"నిద్ర రాకుండా ఉంటుంది చూడు" అన్నాడు.
చెరువు కాపలావాడికి నిద్ర రాకపోవడమే కదా జీతం.

మాటలు నాకు తెలియవు.
తెలియకపోవడమే నయమేమో,
ఎవరేం దాస్తున్నారో చేతుల్లో కనపడిపోతుంది.
అగ్గిపుల్ల గీసి, మొహం చూపించి, ఆర్పేస్తాడు.
ఆ తర్వాతి చీకటి
అంతకు ముందున్న చీకటి కాదు.

అక్కడ వీధులు ఎప్పుడూ తడిసే ఉంటాయండి.
వాన వెలిసిందో, ఇంకా రావాలో చెప్పరు.
దీపస్తంభం కిందికి మనిషి కంటే ముందు
నీడ వచ్చి నిలబడుతుంది.

కిటికీ చెక్కల సందుల్లోంచి వెలుగు
ఆ అమ్మాయి మీద చారలు చారలుగా పడుతుంది,
సగం చెప్పినట్టు, సగం మింగినట్టు.
మోటారు షెడ్డు తడిక నా మీదా రోజూ అదే పని చేస్తుంది.
కాకపోతే వాళ్ళకి టోపీలు,
నాకు మంకీ క్యాపు.

మెట్లు. ఎప్పుడూ మెట్లేనండి.
అడుగుల చప్పుడు పైకి వెళుతుంది, మనిషి కనపడడు.
"ఒరే, ఎక్కకురా" అంటాను ఫోనుతో.
ఎక్కుతాడు.
నా చేతిలో టీ చల్లారి తొరక కడుతుంది.

కుర్రతనంలో నేను హాల్లో పనిచేసేనండి,
మొగల్తూరు రోడ్డులో, ఆపరేటరుకి చేతికింద.
ఎదురెదురుగా రెండు కార్బన్ పుల్లలు,
తాకించి, వెంట్రుకవాసి జరిపితే
మధ్యనున్న ఖాళీలో వెలుగు పుట్టేది.
ఆనితే అంటుకుపోతాయి, ఎడమైతే ఆరిపోతుంది.
ఆ సందు మీదే కళ్ళు పెట్టి మూడు గంటలు నిలబడేవాణ్ణి,
తెర మీద బొమ్మేవిటో తెలిసేది కాదు.
ఇప్పుడా హాలు రొయ్యల మేత గోడౌను.
తెర ఉన్న గోడకి బస్తాలు ఆనించేరు.

మొన్న పుష్యమాసం మంచులో, రెండున్నర దాటేక,
టోపీవాడు తలుపు పిడి మీద చెయ్యి వేసేడు,
కరెంటు పోయింది.
ఏరియేటర్లు ఒక్కొక్కటే ఊపిరి వదిలి ఆగేయి.
పదిహేను చక్రాలు నీళ్ళు కొట్టడం మానేస్తే
ఉప్పుటేరు దాకా ఏమీ వినపడదండి.
ఆ వినపడనిదానికే గుండె కొట్టుకుంటుంది.

బొమ్మ ఆపి పరిగెత్తేను.
టార్చి చెరువు మీద పడితే
గాలి కోసం పైకి తేలిన రొయ్యల కళ్ళు,
ఎర్రగా, లెక్కలేనన్ని,
నేనేం చేయబోతున్నానో ముందే తెలిసినట్టు.

టార్చి ఆర్పి చంకలో పెట్టి
జనరేటరు హ్యాండిల్ తిప్పేను. రెండుసార్లు తన్నింది.
మూడోసారి ఊపిరి బిగబట్టినప్పుడు
అవతలి గట్టు మీద, మసక వెన్నెట్లో, ఒక నీడ.
భుజాన విసురువల.

టార్చి మళ్ళీ చేతిలోకి వచ్చింది.
వేలు మీట మీదే ఉంది.
ఆ నడక, కుడికాలు వేసి, లిప్తపాటు ఆగి, ఎడంకాలు,
నాకు తెలుసు.
నిరుడు పట్టుబడిలో ఏరియేటరు రెక్క కోసిన కాలది.
రాజుగారు రెండువేలిచ్చి పేరు కొట్టేసేరు.
కట్టు కట్టింది నేనే, నా తువ్వాలుతో.

సినిమా చూసేవాడెవడూ
లైటు వెయ్యమని అడగడు కదండీ.

జనరేటరు అందుకుంది.
చక్రాలు తిరిగేయి, నీళ్ళు మళ్ళీ మాట్లాడేయి.
గట్టు మీద మంచు తప్ప ఏం లేదు.

పొద్దున్న రాజుగారు చెక్ ట్రే ఎత్తి చూస్తూ
"రాత్రి ఏవైనా అయ్యిందేంట్రా?" అన్నారు.
"కరెంటు పోయిందండి. అంతే."
అప్పుడు నా మొహమ్మీద
తడిక చారలు పడుతున్నాయో లేదో నాకు తెలీదు.

ఫోనులో వాడు
ఇంకా తలుపు పిడి మీద చెయ్యి వేసే ఉన్నాడు.
మళ్ళీ నొక్కలేదండి.
ఛార్జింగు అయితే నిండా ఉంది.